సముద్రం గడ్డకట్టని ఏడాది

ఈ చలికాలం కూడా సముద్రం గడ్డకట్టలేదు.
డ్రిల్లు మూలన నిలబడి ఉంది,
దాని పళ్ళకి పోయినేటి గ్రీజు అలాగే.
మంచుదారి తెరిచేదీ లేదు, మూసేదీ లేదు.
ఖాళీగానే ఉన్నాను కదా అని
తర్మో వచ్చి, ఆఫీసు కంప్యూటర్లోంచి
పాత ప్రాణం తీసేసి కొత్తది పోసి వెళ్ళాడు.
"భయపడకు వైకె, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి" అన్నాడు
తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ.

లేవు.

కిటికీ మూసే గుర్తు
కుడిపక్క నుంచి ఎడమకి కాపురం మార్చింది.
ఇరవై ఏళ్ళ అలవాటున్న నా చెయ్యి
రోజుకి నలభైసార్లు పాతింటి తలుపే తడుతోంది.
చక్రం కిందికి తిప్పితే కాగితమూ కిందికే జారుతుంది.
ఇదే సహజమట.
సహజమైనది నేర్చుకోడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పైన ఎడమ మూల ఒకటుంది,
దాని మీద ఏ గుర్తూ లేదు.
బాణం పొరపాటున తాకిందా,
తెరిచి పెట్టుకున్నవన్నీ ఒక్కసారి చిన్నబోయి
గోడకి ఆనుకుని నిలబడతాయి,
నేనేదో అనరాని మాట అన్నట్టు.

మంచు మీదా ఉంటాయి ఇలాంటి చోట్లు.
పైకి ఏమీ తెలీదు, అడుగు పడితేగాని పలకదు.
అందుకే దీని మీదా అలాగే నడుస్తున్నాను:
ముందు మునివేలు, ఆ తరవాతే బరువు.
మా దారికి మాత్రం తిక్క నియమాలు లేవా?
సీటుబెల్టు పెట్టుకోకూడదు.
పాతికకీ నలభైకీ మధ్య వేగంతో పోకూడదు,
కింద నీళ్ళలో అల లేచి మంచుని లోపల్నుంచి విరుస్తుంది.
తాలిన్ నుంచి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.
నేను నవ్వేదాన్ని కాదు, టికెట్టు చింపి ఇచ్చేదాన్ని.

అక్షరాల సంగతి వేరు, అక్కడ నాకు కోపమే వచ్చింది.
మా భాషలో జెడ్ వచ్చేది ఎస్ పక్కన.
కొత్తది దాన్ని ఈడ్చుకెళ్ళి చిట్టచివర కూర్చోబెట్టింది.
నెత్తిన చుక్కలున్న అక్షరాలని
చుక్కల్లేనివాటి గుంపులో కలిపేసింది.
తర్మోకి ఫోన్ చేస్తే "సెట్టింగుల్లో ఉంటుంది చూడు" అన్నాడు.
ఉంది. ఏడు మెట్లు దిగితే.

చెత్తబుట్టలో ఒక్క కాగితం పడినా
నిండినట్టు ఉబ్బుతుంది.
వెయ్యి పడినా అంతే ఉబ్బు.
పోయిన మా ఆయన హెయ్నో కోపమూ అంతే.

నచ్చింది ఒకటుంది.
తెల్లటి తెర మీద తెల్లటి బాణం ఎక్కడో మాయమవుతుంది,
నా కళ్ళూ ఇదివరకటివి కావు.
కంగారుగా మౌసుని అటూ ఇటూ ఊపితే
ఉన్నట్టుండి అరచేయంత పెరుగుతుంది,
ఇదిగో, ఇక్కడే ఉన్నాను కదా అన్నట్టు.
ఊపడం ఆపగానే ఏమీ ఎరగనట్టు చిన్నదైపోతుంది.
నిన్న మధ్యాహ్నమంతా ఊరికే ఊపుతూ కూర్చున్నాను.

ఒక ఫిబ్రవరిలో, పొగమంచులో,
ఎండెల్ ట్రాక్టరు దారి తప్పింది.
మేం ఒడ్డున నిలబడి లాంతర్లు ఊపాం,
రాత్రంతా.
ఏదీ పెద్దది కాలేదు.
తెల్లారాక నడిచొచ్చాడు, ట్రాక్టరు లేకుండా,
కాఫీ ఉందా అని అడిగాడు.

ఇవాళ కొలతల ఫైలు తెరిచాను.
తేదీ రాశాను. మందం దగ్గర సున్నా పెట్టాను.
మూయబోతే అడిగింది: మార్పులు దాచమంటారా?
అవును అనేది ఎప్పుడూ కుడివైపు ఉండేది,
చూడకుండానే నొక్కేదాన్ని.
ఇప్పుడు రెండూ చదవాల్సి వచ్చింది.
చదివాను,
మళ్ళీ ఇంకోసారి చదివాను.
నొక్కాక లేచి వెళ్ళి
డ్రిల్లు పళ్ళకి గ్రీజు మార్చాను.