వాన ముందుగా కనిపించే చోటు

బుసాన్ టవర్ మీద
అద్దాలు తుడవడం నా పని.
లోపలి వైపు మాత్రమే.
బయటి వైపు సంగతి గాలి చూసుకుంటుంది,
ఉప్పు చూసుకుంటుంది,
ఏడాదికి రెండుసార్లు
తాళ్ళకు వేలాడే కుర్రాళ్ళు చూసుకుంటారు.

నాకు మిగిలేవి వేలిముద్రలు.
జనం ఊరిని చూడ్డానికి వచ్చి
అద్దాన్ని తాకిపోతారు.
పిల్లలవి నడుమెత్తున, జిగటగా.
కొన్ని నుదుటి మరకలు,
ఒంటరిగా వచ్చినవాళ్ళవి అనుకుంటాను,
ఎవరినీ అడగలేదు.

ఆ మంగళవారం చేపల బజారుకు సెలవు.
లిఫ్టులోంచి ఒక ముసలావిడ దిగింది.
గులాబీరంగు రబ్బరు బూట్లు,
ఉంగరాలు తిరిగిన పొట్టి జుట్టు,
ఎంత తోమినా వదలని నీచువాసన.
పక్కవాళ్ళు మర్యాదగా ఒక అడుగు జరిగారు.
ఆవిడ ఆ ఖాళీలోకి హాయిగా నడిచి
అద్దానికి ముక్కు ఆనించింది.

పేరు పిల్-నమ్.
‘ఈసారి తప్పక కొడుకే’ అని అర్థమట,
నాలుగో ఆడపిల్లకి వాళ్ళ నాన్న పెట్టిన పేరు.
“పేరు పనిచేసింది, నా వెనక తమ్ముడు పుట్టాడు,
ఈ టిక్కెట్టు వాడిచ్చిందే.
నలభై మూడేళ్ళు కింద కూచుని చేపలు కోశాను,
తలెత్తినప్పుడల్లా ఇది నన్నే చూస్తుండేది.
ఏం చూస్తోందో చూసిపోదామని.”

నేను నా పాఠం అందుకున్నాను.
అదిగో యోంగ్దో దీవి,
అదిగో లేచి నిలబడే వంతెన,
గాలి తేటగా ఉంటే ఆ చివర గీతలా సుషిమా...
ఆవిడ వింటేగా!
ఊరంతా వదిలేసి
ఒక్క మేడ కోసం వెతుకుతోంది,
బియ్యంలో రాయి ఏరే చూపుతో.

నాణెం వేస్తే తెరుచుకునే దుర్భిణి
రెండు నిమిషాలకి కన్ను మూసేస్తుంది.
ఒక నాణెం వేసింది.
అమి కొండవాలు దొరికింది,
నీళ్ళ ట్యాంకులు దొరికాయి, అన్నీ నీలమే, అదే చిక్కు,
ఎవరిదో ఎర్ర దుప్పటి, ఎవరిదో కుక్క,
టప్‌మని చీకటి.
రెండో నాణెం. దానితో ఒక తిట్టు,
రేవు మనుషుల తిట్టు, ఇక్కడ రాయను.
మూడోది నేను వేశాను.

“అదుగో!”
తెల్లటి వల పరిచిన మేడ,
వల మీద మెత్తళ్ళు,
రాత్రి ఉడికించి పొద్దున ఆరబోసినవి.
“గుప్పెడు ఉప్పు చల్లినట్టున్నాయే” అంది.
రాత్రంతా లాగిన నడుము
ఆ కాస్త తెలుపు కోసమేనా అన్నట్టు
చేత్తో వీపు తడుముకుంది.

దుర్భిణి కొంచెం పక్కకి తిరిగింది.
అంతే, వీపు నిటారైంది.

దీవి వెనక సముద్రం మీద
బూడిదరంగు తెర ఒకటి నడిచి వస్తోంది.
కింద వీధుల్లో ఇంకా ఎండే.
గొడుగుల్లేనివాళ్ళు ఐస్‌క్రీము తింటున్నారు.
వాన బయల్దేరిందని
మా అంతస్తుకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఫోను తీసి అరిచింది:
“మల్-సున్! మేడెక్కు! నా మెత్తళ్ళు!
మబ్బే లేదంటావేం? నీకు లేదు, నాకుంది.
దీవి దాటేసింది, వంతెన మీదుంది.
నీ మిరపకాయలు కూడా ఎత్తెయ్,
పక్కింటి పసివాడి బట్టలు, పచ్చవి, అవీ.
ఎక్కడున్నానా? తర్వాత చెప్తా, పరిగెత్తు!”

జనం మూగారు.
జర్మనీ కుర్రాడొకడు నాణేలు అందించాడు.
ఒకరి తర్వాత ఒకరు కన్ను ఆనించి
చూసిందల్లా పక్కవాళ్ళకి వేళ్ళతో చెప్పారు:
చీమంత మనిషి వచ్చింది,
వల నాలుగు కొనలూ కలిపి మూట కట్టింది,
మిరపకాయలు అయ్యాయి,
పచ్చచొక్కా ఒకటి జారిపడింది,
వెనక్కొచ్చి తీసింది.
చప్పట్లు కొట్టిన చేతులు ఇంకా ఆగకముందే
అద్దం మీద మొదటి చినుకు.
బయటి వైపు.

పోతూ పోతూ
నా నంబరు అరచేతిలో రాసుకుంది.

ఇది వానకారు. మా సూపర్‌వైజరుకి తెలియదు.
తడిగుడ్డ భుజాన వేసుకుని
దక్షిణం అద్దం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.
ఫోను కొడితే
కత్తి చప్పుడు ఆగుతుంది.
ఎవరని అడగదు.
“ఎంత దూరంలో ఉంది?” అంటుంది.