ఆరో సీసా

కాశిబుగ్గ సందులో మా బాపు తుల్జారాం
ముప్పై ఏండ్ల సంది ఈగలను తోలుతున్నడు.
ఎడమచేత వేపమండ, కుడిచేత కత్తి,
గిరాకితో మాట తెగది, మండ ఆగది.
నేనేమో ఈగలను పిలిచే చదువు చదివిన.

నీళ్లసీసా తల కోసి
ఆ తలనే తిరగేసి మళ్ల సీసాలకు దించి
అడుగున రెండు రోజులు మురిగిన కార్జం ముక్క.
ఐదు చోట్ల ఐదు సీసాలు వేలాడగట్టిన.
కార్జం మా దుకాణందే.
"పైసలిచ్చి కొన్నట్టు రాయి," అన్నడు బాపు,
"నీ యూనివర్సిటీ లెక్కల అప్పు ఉండొద్దు."

అందరనుకునే ఈగ కాదిది.
పచ్చగ మెరిసేది వేరు, అన్నం మీద వాలేది వేరు.
ఇది ఒళ్లంత బూడిద పూసుకున్నది,
వీపు మీద మూడు నల్లచారలు,
కడుపు మీద అష్టాచెమ్మ గళ్లు,
కండ్లు మాత్రం ఏనుమాముల యార్డుల
ఇప్పుడే బస్తా విప్పిన మిరప.
గుడ్డు పెట్టి పోదు.
కడుపుల్నే పొదిగి
కదిలే పిల్లలను మాంసం మీద జారవిడుస్తది.
ముసురు పట్టిన నాడు తక్కినవి ఆకుల చాటుకు పోతే
ఇది వానలనే ఎగురుకుంట వస్తది.

మా సందు సీసాల నలభై ఒకటి.
మిరప యార్డుల తొమ్మిది, అవి సుత ఘాటుకు తలతిరిగినట్టున్నయి.
కాజీపేట పట్టాల పక్క అరవై మూడు:
ఆ వారం గూడ్సుబండి కింద దూడ పడ్డది.
పాకాల అడివి అంచున ఆరే ఆరు,
కాని ఆరిట్ల నాలుగు జాతులు.
ఒకదాని పిల్లలకైతే పీనుగే అక్కర్లేదు,
బతికున్న మిడత చాలు.
చూపిస్తే మా సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు,
అంతకన్న మెచ్చుకోవుడు ఆయనకు రాదు.

ఐదోది హసన్‌పర్తి తొవ్వల
కూరగాయల కొమురమ్మ మడి గట్టున.
సీసా ఖాళీ.
ఈగలు లేక కాదు.
కోయక ఇడిసిపెట్టిన కొత్తిమీర పూతకొచ్చింది,
ఆ తెల్లపూల మీద కూసోని తేనె నాకుతున్నయి
నా కార్జం దిక్కన్న చూడకుండ.
మాంసం పిల్లలకు.
పెద్దలకు ఇంత తీపి, ఇంత పేడరసం, గంతే.
నోటుబుక్కుల సున్నా రాసి
సున్నా పక్కన చిన్న పువ్వు గీసిన.

బోనాల ముందటి వారం.
బాపు నిలబడే తీరు మారింది,
బరువంత కుడికాలు మీదనే.
చెప్పు ఇప్పమంటే ఇప్పలే.
వాసన నాకు తెలిసిన వాసనే,
రోజూ సీసా మూత తీస్తే వచ్చేది.

ఎంజీఎంల డాక్టరమ్మ అడిగింది, ఎన్ని రోజులైందని.
"నిన్ననే. బొక్క గుచ్చుకున్నది."
షుగరు సంగతి ఎత్తనే లేదు.
మడమ కింద పుండుల తెల్లగ కదులుతున్నయి.
నర్సు చిమ్టాతో ఒక్కోటి తీసి గిన్నెల వేస్తుంటే
నా చెయ్యి దానంతటదే సంచిల భూతద్దం దేవులాడింది.
తోక దిక్కు ఊపిరి రంధ్రాలల్ల మూడేసి చీలికలు.
అంటే రెండుసార్లు పొర ఇడిసినయి.
అంటే మూడు రోజులకు తక్కువ కాదు, పుండు ఇంకా ముందటిది.
ఇన్ని రోజులు ఈ మనిషి
తన పుండును చెప్పు కింద దాచి
ఊరందరి మాంసం మీద ఈగలను తోలిండు.

నేను నోరు తెరువలే. డాక్టరమ్మే అన్నది:
"కుళ్లిందే తిన్నట్టున్నయి.
కాలు ఉంటదనుకుంటున్న."
అనుకుంటున్న అన్న కాడ గొంతు తగ్గించింది.

ఒకదాన్ని అడిగి తెచ్చుకున్న.
రంపపు పొట్టుల పెడితే ఎర్రగ గట్టిపడి
చింతగింజ రంగుకొచ్చింది. ఇంకా ఈగ కాలే.
నోటుబుక్కుల ఆరో వరుస గీసిన.
'స్థలం' అన్న కాడ రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసిన.

మంచంల నుంచి బాపు అడిగిండు:
"కొత్తిమీర పూల మీద సుత వాలుతయా?"
"వాలుతయి."
"నేనెన్నడు చూడకపోతి."
జర సేపటికి, అలవాటు చొప్పున,
ఆయన ఎడమచెయ్యి
ఏమీ లేని గాలిని ఒకసారి కొట్టింది.