ఒక జానెడు ఖాళీ

ఎర్మోసియోలో జూలై.
మెక్సికో ఎడారి అంచున
పొద్దున తొమ్మిదికే తారు చెప్పులకి అంటుకుంటోంది.
రెఫ్యూహియో సంచీ దించింది:
రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పెయింట్ బ్రష్,
బటాణీ గింజకి మించి రాయకూడని
బూడిదరంగు పేస్టు.

రొట్టెల దుకాణం.
పెనానికీ గోడకీ మధ్య, అర మీద కంప్యూటర్.
టిఫిన్ డబ్బా కన్నా కాస్త పెద్దది.
"చిన్నదే కదా, ఎక్కడైనా ఇముడుతుందని..."
నసిగాడు యజమాని హెనారో.
ఇమిడింది.
ఇమడటం వేరు, ఊపిరాడటం వేరు
అని ఆమె పైకి అనలేదు.

మూత తీసింది.
పిండి.
రెక్కల మీద, రేకుల సందుల్లో
నాలుగేళ్ల గోధుమపిండి
ఆవిరికి తడిసి, సెగకి ఆరి, అట్టు కట్టింది.
ఫ్యాను తిరుగుతూనే ఉంది పాపం,
లోపలి వేడినే లోపలికి విసురుకుంటూ.
చిప్పు మీది పాత పేస్టు బీటలు వారిన సుద్ద.
వరసలో నిలబడ్డ కెపాసిటర్లలో
ఒకదాని నెత్తి ఉబ్బింది,
పొంగీ పొంగని పూరీలా.

"పదేళ్లు వస్తుందన్నారే!"
వచ్చేదే.
పది డిగ్రీలు తగ్గితే దీని ఆయుష్షు రెట్టింపు,
పది పెరిగితే సగం.
కాస్త అటూ ఇటూగా, మా వాళ్ల నోటిలెక్క.
మీ అర మీద ఎంతుందో చెయ్యి పెట్టి చూడండి.

ఆయన పెట్టలేదు.
పెనం దగ్గరి ఎదువీహెస్ పెట్టింది.
తీసి, ఏప్రానుకి తుడుచుకుని
"ఇదీ ఒక వేడేనా" అంది.
ఆ అరకి మూరెడు ఇవతల
పదహారేళ్లుగా ఆమె చోటు.
మోచేతుల దాకా మచ్చలు,
కొన్ని పాతవి, రెండు ఈ వారానివి.

కొత్త పేస్టు, కొత్త కెపాసిటర్,
బ్రష్షుకి రాలిన పిండి దోసెడు.
ఫ్యాను గురక మానేసి గుసగుసలాడింది.
రసీదు వెనక రెఫ్యూహియో రాసింది:
పొయ్యికి దూరంగా.
వెనక ఒక జానెడు ఖాళీ.
మూడు నెలలకోసారి దుమ్ము దులపాలి.
మధ్యాహ్నం కాసేపు ఆపి ఉంచండి.

ఎదువీహెస్ ఆమె భుజం మీదుగా చదివింది,
పెదాలు కదుపుతూ, రెండుసార్లు.
"ఇలాంటిదే ఇంకోటి రాస్తావా,
నా పేరు వేసి?"
ముగ్గురూ నవ్వారు.
హెనారో అందరికన్నా ముందు ఆపాడు.

వారం తర్వాత బాకీ డబ్బులకి వెళితే
కంప్యూటర్ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ వెనక నక్కి ఉంది,
మోటారు సెగ తిన్నగా దాని కడుపులోకి.
రెఫ్యూహియో తల పట్టుకుంది.

పాత అర మీద, ఆ ఖాళీలో,
కొత్త టేబుల్ ఫ్యాను.
మూతి పెనం వైపు.
రెక్కల మీద అప్పుడే
పిండి.