మాపటిదాక ఆగు

దేవరకొండ డిపోల డ్యూటీ దిగి
రెండింటికి ఇల్లు చేరేసరికి
బంగ్ల మీద బచ్చలి
పిండిన మసిగుడ్డ లెక్క వాలిపోయి ఉన్నది.

పీకేద్దామనే వంగిన.
పక్క బంగ్ల మీద మిరపకాయలు తిరగేస్తున్న మౌలాబీ
అక్కడినుంచే కేకేసింది:
"సావలేదది. ఊపిరి బిగబట్టింది.
మాపటిదాక ఆగు."

నీళ్లు పోద్దామన్నా
ఆ పూట నల్లా తిప్పితే
చాపత్త వేసుడే తక్కువ.

ఆగిన. నిజమే, పొద్దుగూకినంక
ఒక్కో ఆకే మెడ ఎత్తింది,
అలిగిన పిల్ల మెల్లగ అన్నానికి లేచినట్టు.

అప్పటినుంచి చూస్తున్న
ఈ పెయింటు డబ్బాల సంసారం.
టమాట తన ఆకును తానే బీడీ చుట్టుకుంటది,
పూతంత రాల్చేస్తది,
ఇది కాన్పుల ఏడు కాదన్నట్టు.
మందారం మొగ్గల్ని, సగం ఆకుల్ని ఇడిచిపెట్టి
కట్టెను కాపాడుకుంటది.
గడ్డిగులాబి పదింటికి విచ్చి
రెండింటికల్ల దుకాణం బందు.
గోంగూర సంగతి చెప్పేదేముంది,
దానికి మొండితనం పుట్టువడి.

ఆకు కింద సన్నని నోళ్లుంటయట.
ఎండకు అవి మూసుకుంటే
నీళ్లు మిగులుతయి, తిండి దొరకదు.
ఈ లెక్క నాకెవరూ చెప్పక్కర్లేదు.
మల్లేపల్లి దాటినంక దిగే జాగ లేదని
రెండు ట్రిప్పుల నడుమ
గుక్కెడు నీళ్లు ముట్టను నేను.
బాటిల్ సంచిలనే ఉంటది, నిండుగ.

నా చిన్నప్పుడు రోళ్లు రోహిణికి పగిలేటివి.
ఇప్పుడు ఉగాది పచ్చడి కలపకముందే
బంగ్ల మీద అరికాలు ఆనదు.
కరివేప ఈ ఏడు రెండుసార్లు చిగురేసి
రెండుసార్లూ మాడింది.

మాపటిదాక ఆగమన్నది మౌలాబీ.
రాత్రి తొమ్మిదింటికి పిట్టగోడ మీద చెయ్యి వెడితే
దించిన పెనం.
మాపే సల్లబడకుంటే
బిగబట్టిన ఊపిరి ఎప్పుడు ఇడవాలె?
అడిగిన. ఆమె జవాబియ్యలే.
తెల్లారి ఒక గోనెపట్టా తెచ్చిచ్చింది.

నా పాత ఖాకీ కోటుకు దాన్ని కలిపి కుట్టి
నాలుగు కర్రల మీద కప్పేసిన.
భుజం మీది బొత్తం ఇంకా మెరుస్తనే ఉన్నది.

పదకొండింటికి నీళ్లు పోస్త.
మట్టి చుయ్‌మంటది.
ముందు కరివేపకా, బచ్చలికా అని
చెంబు పట్టుకొని జరసేపు నిలబడ్త.
ఆఖరికి నేను కూడ కడుపునిండ తాగుత.
అయిదింటి మొదటి బండికి
ఇంకా ఆరు గంటలున్నయి.