పిట్

లిఫ్టు మెకానిక్‌ని నేను.
ఇరవై రెండేండ్ల సంది
మూసాపేట నుంచి మణికొండ దాంక
మందిని మీదికి తోలుడు, కిందికి దించుడు.

మొన్న ఆయితారం
మా మూడో అంతస్తు మెట్లెక్కి
రొప్పుకుంట వచ్చిండు తేజోవర్ధన్,
మా సూపర్‌వైజర్ బామ్మర్ది.
ట్యాబు గోడకానిచ్చి
ఛాయ్‌ల ఉస్మానియా ముంచుకుంట చెప్పిండు:

"అన్నా, ఇది ఉత్త బీమా కాదు,
సూచీకి ముడేసిన బీమా.
మార్కెట్ ఎక్కితే మీ పైసలెక్కుతయి.
మార్కెట్ పడ్డదనుకో,
సున్న కాడ ఆగుతయి.
కింద ఫ్లోర్ ఉంటది, పడనియ్యదు."

ఫ్లోర్ అనంగనే
నా చెవులు నిక్కబొడుచుకున్నయి.
మా పనోళ్ళ మాట మాట్లాడిండు పిల్లగాడు.

"మరి మీదికి?"
"మీద జర హద్దుంటదన్నా.
సూచీ ఇరవై ఎక్కినా మీకు తొమ్మిది."

పద్నాలుగు నొక్కినోన్ని
ఆరుల ఆపి
'దిగున్రి, మీ బాకీ గింతే' అనే లిఫ్టును
నేనైతే ఇప్పటిదాంక బిగించలే.
బిగిస్తే తంతరు.

అయినా సరే అనుకున్న.
పడకుంటే చాలు గదా.
తాడు తెగిన చప్పుడు
ఒక్కపారి ఇన్నోనికి
ఎత్తు మీద యావ ఉండది.

"సున్నొచ్చిన ఏడాది
బీమా ఖర్చు ఎవరు కడతరు?"
ట్యాబు మీద ఏలు జారింది,
ఆగింది,
మల్ల జారింది.
"మీ ఖాతాల నుంచే పోతదన్నా. కొంచెమే.
వయసు పెరిగినకొద్ది పెరుగుతది."
"నడుమల దిగుతనంటే?"
"మొదటి పదేండ్లు దిగొద్దు. దిగితే కోత."

లిఫ్టు కదలకున్నా
నెలనెలా మెయింటెనెన్స్ బిల్లొస్తది.
పాతదైనకొద్ది బిల్లు బరువైతది.
రెండంతస్తుల నడుమ తలుపు తెరుచుకోది.
ఇదంత నాకెర్కే.
ఎర్కలేనిదల్ల
అది పదిహేడో పేజీల ఉంటదని.

గ్రౌండ్ ఫ్లోర్ కింద
ప్రతి బిల్డింగుకూ ఒక గుంత ఉంటది.
పిట్ అంటం మేము.
ఎక్కెటోళ్ళకూ దిగెటోళ్ళకూ కనవడది.
సున్న కింద ఏం లేదంటే
ఎవరన్న నమ్మొచ్చు,
గా గుంతల నిలవడి పనిచేసినోడు తప్ప.

అట్లని దాన్ని తిట్టబుద్ధి కాలే.
పోయినేడు బంజారాహిల్స్‌ల
ఇద్దరే ఉన్న ఇంటికి అద్దాల లిఫ్టు బిగించిన.
ఆ డాక్టరమ్మకు ఇది అతుకుతదేమో.
వేరే బీమా ఉన్నది, అప్పు లేదు,
ఇరవయ్యేండ్లు ముట్టని పైసలున్నయి,
పదిహేడో పేజీ చదివిపెట్టే ఆడిటరున్నడు.
నాకు, ఓవర్‌టైం దొరికిన నెల ఒక లెక్క,
దొరకని నెల ఇంకో లెక్క.
ఆగస్టుల బిడ్డ పాలిటెక్నిక్ ఫీజు.

అండాలు అంతసేపు
చిక్కుడుకాయల ఈనెలు తీస్కుంట కూసున్నది.
తల ఎత్తకుంటనే అన్నది:
"రాజలింగమన్న కొంపల్లి షాఫ్టుల పడ్డప్పుడు
కళావతి ఏమడిగింది?
సూచీ యాడున్నదని అడిగిందా?
నువ్వు పోతే మాకెంత, అదొక లెక్క.
ఉంటే మనకెంత, అదొక లెక్క.
ఉప్పూ చక్కెరా
ఒక్క డబ్బాల పోస్తనా నేను?"

పిల్లగాడు నవ్విండు. మంచోడే.
"నువ్వు తీసుకున్నవా తమ్మీ?" అంటే
"నాకింక బండి ఈఎంఐ నడుస్తుందన్నా"
అనుకుంట బూట్లు తొడుక్కున్నడు.
దరఖాస్తు ఫ్రిజ్ మీదుంది.
దాని మీద అండాలు
మందుల చీటీ పెట్టింది.

సోమారం మియాపూర్‌ల
పిట్‌లకు దిగిన.
మడిమెల దాంక వాన నీళ్ళు.
టార్చి ఏస్తే
ఒక చెవి కమ్మ, ఒక తాళంచెయ్యి,
రెండ్రూపాయల బిళ్ళలు తొమ్మిది.
తలుపుకూ గడపకూ నడుమ
వేలెడు సందు.
ఒక్కొక్కటే రాలినయి,
లిఫ్టు మంచిగ నడుస్తున్నప్పుడే.