బిడ్డ పట్టేంత కిటికీ

యాస్వో ఊళ్ళో మా మఠం గోడకి
వీధివైపు ఒక కిటికీ ఉంది.
మూరెడు వెడల్పు. బయటనుంచి తోస్తే తెరుచుకుంటుంది.
లోపల తొట్టి, తొట్టి కింద సన్నటి వేడి,
రెక్క కదిలితే నా మంచం పక్కన గంట.
సాకలేని తల్లి బిడ్డని ఇందులో పెట్టి
పేరు చెప్పకుండా వెళ్ళిపోవచ్చు.

పదకొండేళ్ళుగా రాత్రి కాపలా నాది.
గంట ఏడుసార్లు మోగింది.
మూడుసార్లు గాలి.
ఒకసారి పిల్లి.
ఒకసారి తాగుబోతు, తల లోపలికి దూర్చి
అగ్గిపెట్టె ఉందా అన్నాడు.
రెండుసార్లే బిడ్డలు.
ఒకడి బొడ్డుకి బూటు తాడు కట్టి ఉంది.
ఆ తాడు నా జపమాల సంచిలోనే ఉంది ఇంకా,
ఎవరికీ చెప్పలేదు.

కడుపులో పడ్డది ఆవగింజంతైనా
దేవుడు పేరు పెట్టి పిలిచేశాడని నా నమ్మకం.
వార్సాకి బస్సులో వెళ్ళి ఊరేగింపులో నడిచాను.
రోడ్డుకి అవతల నల్ల గొడుగుల గుంపు.
అందులో మా అక్క కూతురు కాలినా.
ఇద్దరం చూసుకున్నాం. ఇద్దరం
బూట్లకేసి చూసుకున్నాం.
అప్పట్నుంచి క్రిస్మస్‌కి తను పుట్టగొడుగుల ఊరగాయ పంపదు,
నేను ఖాళీ సీసా పంపలేదు.

ఫిబ్రవరిలో, కరిగిన మంచు మళ్ళీ గడ్డకట్టిన రాత్రి
ఎనిమిదోసారి మోగింది.
తొట్టిలో బిడ్డ లేదు.
ఒక చెయ్యి ఉంది.
గోళ్ళ సందుల్లో ఎండిన పిండి,
రొట్టెల బట్టీలో పని కాబోలు.
పరుపు మీద అటూ ఇటూ తడుముతోంది,
చంటిదానికి నీళ్ళ వేడి చూసినట్టు.

"సిస్టర్, పుట్టకముందే ఇక్కడ పెట్టెయ్యొచ్చా?"

నాకు పాఠం వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఆ రాత్రి నోట్లో తడి లేదు.
ఆ చేతిని పట్టుకున్నాను. మంచుగడ్డ.
"పుట్టాక తీసుకురా తల్లీ, మేం చూసుకుంటాం" అన్నాను.
"మరి నేను?" అంది.
కాసేపాగి తనే అంది,
"నేను ఇందులో పట్టను కదా."

కడుపులో పడ్డదాన్నీ నలుసంటాం,
పక్కవాడి కంట్లో పడ్డదాన్నీ నలుసంటాం.
మొదటి నలుసు కోసం గొంతు చించుకున్న ఏళ్ళన్నీ
రెండో నలుసు కోసం వెతుకుతూ గడిపానని
చీకట్లో, కాళ్ళకి చెప్పుల్లేకుండా,
పెద్ద తలుపు దగ్గర నిలబడ్డాక తెలిసింది.
దానికి అడ్డంగా ఉంది దూలం.
నిజం దూలమే, ఓక్ చెక్క, మనిషంత బరువు,
పొద్దుగూకితే వేసే అడ్డగడియ.
ప్రతి సాయంత్రం వేసేదాన్ని నేనే.

తీసేసరికి వీధి ఖాళీ.
పేరు తెలీదు, ఏమని పిలవను?
"అమ్మాయ్" అన్నాను రెండుసార్లు.
స్టేషన్ వైపు ఏదో కుక్క మొరిగింది.

తను ఏం చేసిందో నాకు తెలీదు.
అడగడానికి నేనెవర్ని అనుకోను, అడగాలనే ఉంది.
కాలినాకి రాశాను. జవాబు రాలేదు.
సీసా మాత్రం కడిగి, దానితోనే పంపాను.
నమ్మకం మారిందా అంటే, మారలేదు.
ఆ రెండోమాట, "మరి నేను?", దాని పక్కనే
కుర్చీ లాక్కుని కూర్చుంది, లేవదు.

దూలం ఇప్పుడు వెయ్యడం లేదు.
చలిగాలి వస్తోందని మదర్ ఒత్తీలియా
రెండుసార్లు కేకలేసింది, మూడోసారి దుప్పటి తెచ్చుకుంది.

ఊళ్ళో బట్టీలు నాలుగు.
రోజుకొక చోట రొట్టె కొంటాను.
మొహాలు చూడను, చేతులు చూస్తాను.
నడుం వైపు చూడకూడదనుకుంటాను, చూస్తాను.
చిల్లర అందుకునేటప్పుడు
కావలసినదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ
పట్టుకుంటాను ఆ వేళ్ళని.