ఒకే బ్యారన్ ఆకు

టంగుటూరు వేలంలో నా బేళ్లు ఆరు.
ఆరింటి మీదా ఒకటే మాట, నో బిడ్.
పక్క వరసలో సూసమ్మ బేళ్లు.
కొనేవాడు వంగి, ఒక ఆకు తీసి
ముక్కు దగ్గర పెట్టుకొని తల ఊపాడు.
ఆ రోజుకి అదే పై ధర.

బ్యారన్ ఒకటే, నిజానికి.
కౌలు సగం నాది, సగం ఆమెది.
ఒకే సరుగుడు కట్టెలు, ఒకే పొయ్యి.
మసి పట్టిన ఒకే థర్మామీటరుకి
రాత్రి రెండింటికి నేనూ, నాలుగింటికి ఆమే
టార్చిలైటు పట్టాం.
చేలు వేరు, అంతే.
క్రిస్మస్ ముందర పట్టిన ముసురు
ఆమె చేను దాటిపోయి
నా పల్లంలో మూడు రోజులు కూర్చుంది.

తిరిగొచ్చిన బేళ్లు వసారాలో పేర్చాను.
రోజమ్మ ఏమీ అడగలా.
ఎసరు పెట్టి, ప్రతి పూటలాగే
గుడికని గుప్పెడు బియ్యం పక్కకి తీసింది.
గుప్పెడు చిన్నదయిందేమోనని
నేను ఆమె వేళ్ల వంక చూశాను.
సిగ్గు లేకుండా చూశాను.

ఆదివారం, సాక్ష్యాల వేళ.
ఏబేలు లేచాడు, తేలు కుట్టినా బతికినందుకు.
రూతమ్మ లేచింది, కోడలు నీళ్లోసుకున్నందుకు.
సూసమ్మ లేవలా.
చాప అంచు గిల్లుతా కూర్చుంది.
హమ్మయ్య అనుకున్నాను.
ఆ హమ్మయ్యని పాటల పుస్తకంలో పెట్టుకొని
ఎవరికీ కనపడకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

రెండో ఆదివారమూ లేవలా.
చేతిలో కవరు చెమటకి మెత్తబడింది.
పేరు రాయని కృతజ్ఞత కానుక.
పళ్లెంలో పెట్టిందే గాని చప్పుడు రానియ్యలా.
లెక్క రాసేది నేనే.
ఐదు వేలు. ఎవరిచ్చారు అనే గడిలో
"ఒక సహోదరి" అని రాశాను.
రాసి, చానాసేపు ఆ మాట వంకే చూశాను.

ఆ బుధవారం మా పిల్లోడు అన్నం తింటా చెప్పాడు:
"కెజియాకి కొత్త సైకిలు కొన్నారు నాయనా.
మన వీధిన రాదు. చెరువుకట్ట చుట్టు తిరిగి బడికి పోద్ది.
మనకి కనపడగూడదని వాళ్లమ్మ చెప్పిందంట."

కంచం ముందు నించి లేచాను.

ఏడ్చేవాళ్ల దగ్గరికి పోవడం నాకు వచ్చు.
శవం పక్కన తెల్లారేదాకా కూర్చుంటా.
ఒంగోలు రిమ్స్ మెట్ల మీద
ఎవరి రోగికోసమో పడుకున్న రాత్రులు ఎన్నో.
నవ్వేవాళ్ల గడప
ఇంత ఎత్తుంటదని
నాకు ఎవురూ చెప్పలా.

మూడో ఆదివారం నేను లేచాను.
అప్పు గురించి ప్రార్థన అడుగుతాననుకున్నారు.
పాస్టరుగారు అప్పుడే తల వంచేశారు.
"మన సూసమ్మ ఆకుకి పై ధర వచ్చింది" అన్నాను.
గొంతు బేలు తాడులా బిగిసింది.
"మా బ్యారన్‌లో కాల్చిన ఆకే" అన్నాను.
ఇంకేం చెప్పాలో తెలీక
"ఆ పిల్ల సైకిలు మా వీధినే పోవాల" అన్నాను.
ఇది సాక్ష్యం కిందకి వస్తదో రాదో.

కాసేపు ఫ్యాను చప్పుడే.
తర్వాత ఆడవాళ్ల వైపు నించి
రోజమ్మ, ఆరు బేళ్లకీ తాళ్లు లాగిన మా రోజమ్మ,
"ఆమేన్" అంది.
ఆమె వెనకాల మిగతా వాళ్లు.
సూసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
"అన్నా, గమ్మున కూర్చో" అంది, నవ్వుతానే.

మధ్యాహ్నం వాళ్లింట్లో అందరం.
కొత్తపట్నం కానగంతల పులుసు.
రెండోసారి వడ్డించబోతే వొద్దన్లా.

సాయంత్రం ఇంటికొస్తే
బేళ్లు అక్కడే ఉన్నాయి, ఆరూ. అప్పూ అక్కడే.
తడిసి ఆరిన ఆకు ఘాటు వసారా నిండా.
వాటికే ఆనుకొని కూర్చున్నాను.
వీధి మొగలో సైకిలు గంట
ఒకసారి, అడిగినట్టు.
కాసేపాగి
మళ్లీ, మా గుమ్మం ముందర, గట్టిగా.